భద్రాచారి కారుకు దొరికిన ప్రోత్సాహం

ప్రభుత్వం ప్రోత్సహించనంత కాలం కొల్లోజు భద్రాచారి కారుకి ఏ ఇబ్బందీ రాలేదు. పదకొండేళ్లపాటు ఆ మనిషి బెజవాడ ఆటోనగర్ నాలుగో రోడ్డులో, తన లేతు షెడ్డులో, ఎవరి సాయమూ అడక్కుండా ఒక్కొక్క నట్టూ బోల్టూ బిగించుకుంటూ కారు కట్టుకున్నాడు. పట్టించుకున్న నాథుడు లేడు. అదే తన అదృష్టమని అప్పట్లో అతనికి తెలియదు, పాపం.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. యాభై ఏళ్ల కిందట ఎవరో ఓడ కెప్టెను మోజుపడి విదేశం నుంచి తెప్పించుకున్న బండి అది. రెండే తలుపులు, బారెడు ముక్కు, ఎనిమిది సిలిండర్ల ఇంజను. కెప్టెను పోయాక బందరులో ఒకరి పెరట్లో కోళ్ల గూడైంది. భద్రాచారి చూసేసరికి ముందు సీట్లో పెట్టలు పొదుగుతున్నాయి, ఇంజను పక్కన గోంగూర మొలిచింది. ఇలాంటివాటిని మజిల్ కార్లంటారని ఏదో పత్రికలో చదివి మురిసిపోయాడు. ఆటోనగర్ నోటికి ఆ మాట తిరగలేదు, పహిల్వాను బండి అన్నారు. దొరకని ప్రతి భాగాన్నీ భద్రాచారి తన లేతు మీదే పుట్టించాడు. చివరికి నారింజ రంగు కొట్టి, నడిమధ్యన రెండు నల్ల చారలు గీశాడు.

కోళ్ల రెట్టలతో సహా దాన్ని షెడ్డుకి తెచ్చిన రోజే గొడవ మొదలైంది. భార్య కనకవల్లికి ఒక అన్న ఉన్నాడు, సోమాచారి అని. నూజివీడులో బంగారం పని. లోకంలో దేన్నయినా త్రాసులో పెట్టి చూడటం ఆయనకి అలవాటు. ఆ రోజు పనిమీద బెజవాడ వచ్చినవాడు కారు చుట్టూ ఒకసారి తిరిగి, "బావా, దీన్ని తూకానికి అమ్మెయ్. ఇనప సామాను వాణ్ణి నేనే పంపిస్తాలే" అని నవ్వాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఆ తరవాత ప్రతి శుభకార్యంలోనూ, పదిమందీ విస్తళ్ల ముందు కూచున్నప్పుడు, "ఏం బావా, తూకానికి అమ్మావా, ఇంకా లేదా?" అనడం మొదలెట్టాడు.

కనకవల్లికి ఒళ్లు మండింది. మొగుణ్ణి అనే హక్కు తనది, మధ్యలో ఈయనెవరు? ఒక బారసాలలో అందరిముందూ లేచి, "ఇదిగో అన్నయ్యా, నేను మళ్లీ కారంటూ ఎక్కితే ఈ కారే ఎక్కుతా. ఎక్కి నీ గుమ్మం ముందు దిగుతా. అప్పటిదాకా బస్సే నాకు" అని ఒట్టు పెట్టుకుంది. పెట్టుకున్నది పెట్టుకున్నట్టు నిలబెట్టుకుంది కూడా. పదకొండేళ్లలో ఎంతమంది చుట్టాలు కార్లు తెచ్చి రమ్మన్నా ఎక్కలేదు. వానొచ్చినా బస్టాండే, ఎండకి కళ్లు తిరిగినా బస్టాండే. భద్రాచారి పక్కన నిలబడి గొడుగు పట్టేవాడు, లోపల కుమిలిపోయేవాడు.

ఇప్పుడు సోమాచారి కూతురికి పెళ్లి కుదిరింది. వైశాఖంలో ముహూర్తం. మేనత్త లేకుండా పెళ్లి జరగదు. "రెండు నెలలుంది. మీ బండిలో వెళ్లి తలెత్తుకుని దిగుదామా, బస్సులో వెళ్లి మా అన్న చేత మళ్లీ అనిపించుకుందామా, మీరే చెప్పండి" అంది కనకవల్లి.

"ఇంకేం ఉంది కనకం, అయిపోయింది. నాలుగు నిమ్మకాయలు తేవడమే తరువాయి" అన్నాడు భద్రాచారి.

నిమ్మకాయలంటే నవ్వకండి. ఆటోనగర్‌లో ఏ బండయినా మొట్టమొదట కదిలేది నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టుకునే. కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి, ఇంజను ఆన్ చేసి, చక్రం కింద కాయ చిట్లిన చప్పుడు వినబడితేనే బండి నడిచినట్టు లెక్క. అంతవరకు ఎంత తోసినా, ఎంత లాగినా అది నడక కాదు. ఈ విషయంలో ఆటోనగర్‌లో రెండో అభిప్రాయం లేదు.

ఆ నాలుగు కాయలూ ఆ రోజే తొక్కించేసి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కానీ భద్రాచారికి ఒక అనుమానం పట్టుకుంది. కారులో వెళ్లి దిగాక సోమాచారి ఊరుకుంటాడా? "కాగితాలున్నాయా బావా?" అంటాడు. అనకపోతే ఆయన సోమాచారే కాదు. బంగారం మీద ముద్ర లేనిదే నమ్మని జాతి మరి. సరిగ్గా అప్పుడే పేపర్లో ప్రకటన పడింది. స్వగృహ నిర్మిత వాహన ప్రోత్సాహక మండలిని కొత్తగా పెట్టారట. ఇంట్లో సొంతంగా బండ్లు కట్టుకునే ప్రతిభావంతులను గుర్తించి, ప్రోత్సహించి, ముద్ర వేసిన పత్రం ఇస్తారట. పత్రానికి ఫ్రేము కట్టించి సోమాచారి ముక్కు ముందు పెట్టవచ్చన్న ఆశతో భద్రాచారి ఉతికిన చొక్కా వేసుకుని, తన కాళ్లతో తనే నడుచుకుంటూ మండలి ఆఫీసుకి వెళ్లాడు. చేసిన తప్పల్లా అదొక్కటే.

ముఖ్య ప్రోత్సాహకాధికారి పరాంకుశరావు గారు ఎదురొచ్చి చేతులు పట్టుకున్నారు. మండలి పెట్టి నాలుగు నెలలైనా ఒక్క ప్రతిభావంతుడూ గడప తొక్కలేదని ఆయన బెంగపడి ఉన్నారు.

"కూర్చోండి చారిగారూ. సదరు వాహనము ఇంతవరకు తన స్వశక్తితో ఒక్క అంగుళమైనా చలించినదా?"

"లేదండీ. నిమ్మకాయలు ఇంకా..."

"శుభం. ఇక చలించరాదు." పరాంకుశరావు గారు ఒక పుస్తకం తెరిచారు. "నియమావళి పద్నాలుగు ప్రకారం ప్రథమ ప్రయోగ చలనము మండలి సమక్షంలోనే జరగవలెను. మా పరోక్షంలో ఒకసారి చలించిన వాహనమునకు మరల ప్రథమ చలనమనునది ఉండదు కదా! అప్పుడు తమరిని ప్రోత్సహించుటకు మాకు అవకాశమే ఉండదు. అంతటి నష్టం తమకు కలగనివ్వను."

"అయితే రేపే రండి సార్. అయిదు నిమిషాల పని."

"తొందరపడరాదు. ప్రథమ చలనములో ఎట్టి ప్రమాదమునకూ తావుండరాదని నియమావళి పదిహేను. కావున చోదకునికి అదే వాహనమును నడిపిన అనుభవము కనీసం నలభై గంటలు ఉండవలెను."

భద్రాచారి కాసేపు ఆలోచించాడు. లెక్కలో తనే ఎక్కడో పొరబడుతున్నాడేమో అనుకున్నాడు. "సార్, కదలకూడదన్నారు కదండీ. కదలకుండా నడిపిన అనుభవం ఎట్లా వస్తుంది?"

"అదే మండలి యొక్క దూరదృష్టి" అన్నారు పరాంకుశరావు గారు, ఎంతో ప్రేమగా. "నిశ్చల చోదనము!"

మర్నాడు పొద్దున్నే చలన పరిశీలకుడు యేసుపాదం షెడ్డుకి వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. పుస్తకాన్ని పుస్తకంలా చదువుతాడు, అందులో లేనిది చచ్చినా అనడు. నాలుగు చక్రాలకీ నాడా చుట్టి, లక్క కరిగించి, మండలి ముద్ర వేశాడు. తరవాత కారు ముందు కుర్చీ వేసుకుని, ఒళ్లో రిజిస్టరు పెట్టుకుని, "ఎక్కండి చారిగారూ. బయల్దేరండి" అన్నాడు.

"ఎక్కడికి?"

"మీ ఇష్టం. రోజుకి అయిదు గంటలు."

భద్రాచారి స్టీరింగు పట్టుకుని కూచున్నాడు. ఇంజను ఆన్ చేయకూడదు. అలా పావుగంట గడిచింది.

"చారిగారూ, చప్పుడు రావట్లేదండీ. ఇంజను చప్పుడు లేకపోతే బండి ఆగినట్టు రాయాల్సొస్తది" అన్నాడు యేసుపాదం.

"ఇంజను వద్దన్నది మీరే కదయ్యా!"

"ఇంజను వద్దన్నాం. చప్పుడు వద్దనలేదు."

అలా, నలభై ఎనిమిదేళ్ల భద్రాచారి, ఆటోనగర్‌లో పదిమంది మేస్త్రీలకి గురువు, నోటితో "డుర్ర్ ర్ ర్" అనడం మొదలెట్టాడు. గేరు మార్చినప్పుడు గొంతు మార్చాలి. ఎత్తు ఎక్కేటప్పుడు రొప్పాలి. చుట్టుపక్కల షెడ్లవాళ్లు పని మానేసి వచ్చి నిలబడ్డారు. రెండోరోజు నుంచి టీ కొట్టాయన బల్ల కూడా ఇటే జరిపాడు. మూడోరోజుకి భద్రాచారి గొంతు బొంగురుపోతే, ఇంజను కండిషను తగ్గినట్టు యేసుపాదం రిజిస్టరులో రాశాడు. కనకవల్లి మిరియాల కషాయం కాచి ఇచ్చాక మళ్లీ మామూలుగా ఉందని రాశాడు.

మధ్యాహ్నం అన్నం క్యారేజీ తెచ్చి కనకవల్లి కారు పక్కన నిలబడేది. "ఏవండీ, ఎక్కడున్నారు ఇప్పుడు?"

"గన్నవరం దాటా."

"పక్కకి ఆపుకుని తినండి" అని గిన్నె అందించేది. ఆమె కళ్లల్లో నవ్వూ ఉండేది, ఏడుపూ ఉండేది. ముహూర్తానికి ఇంకా నెల రోజుల పైమాటే.

ముప్ఫై ఒకటో గంటలో ప్రమాదం జరిగింది. చోదకుడి చురుకుదనం పరీక్షించడానికి యేసుపాదం ఉన్నట్టుండి, "గేదె అడ్డమొచ్చింది!" అని కేకేశాడు. భద్రాచారి అప్పుడు నూజివీడు పొలిమేరలో ఉన్నాడు, సోమాచారి మొహం ఊహించుకుంటూ. బ్రేకు తొక్కడం ఒక్క క్షణం ఆలస్యమైంది.

"గుద్దేశారు" అన్నాడు యేసుపాదం బాధగా.

"ఏ గేదె? ఎక్కడుంది గేదె?"

"ఊహించిన గేదే అనుకోండి. గుద్దింది మాత్రం గుద్దిందే. నేను రాయకపోతే నా ఉద్యోగం పోద్ది."

కబురు మండలికి వెళ్లింది. పరాంకుశరావు గారు స్వయంగా వచ్చి, షెడ్డు నేల మీద ముగ్గుతో గేదె ఆకారం గీయించి, కొలతలు వేయించారు. "సదరు గేదె ఊహాజనితమే అయినను, ప్రమాదము విధి నిర్వహణలో సంభవించినది. కావున సదరు గేదె యజమాని తనకు ఎట్టి అభ్యంతరమూ లేదని రాసి ఇచ్చినగాని తదుపరి చోదనము సాగరాదు" అని తేల్చారు.

లేని గేదెకి ఉన్న యజమాని ఎక్కడ దొరుకుతాడు? నాలుగు రోజులు ఆటోనగరంతా అడిగారు. చివరికి కనకవల్లి కొంగు బిగించి ముందుకొచ్చింది. "ఆ గేదె నాదే. నాకేం అభ్యంతరం లేదు. ఎక్కడ చేవ్రాలు పెట్టాలో చెప్పండి."

"గేదె వివరములు?" అన్నారు పరాంకుశరావు గారు కలం తీస్తూ.

"నల్లది."

"పాడి గేదెయా, వట్టిపోయినదా?"

కనకవల్లికి అప్పటికే తల ప్రాణం తోకకొచ్చింది. "చూడిది!" అని కసిరింది.

భద్రాచారి నెత్తి కొట్టుకున్నాడు. పరాంకుశరావు గారు కలం కింద పెట్టేశారు. కడుపులో దూడ ఉన్న గేదె అంటే రెండు ప్రాణాలు. పుట్టని దూడ తరఫున ఎవరు చేవ్రాలు పెట్టాలన్నది పైవారిని అడగవలసిన విషయం. పైవారు వారి పైవారిని అడిగారు. పుట్టబోయే దూడ కూడా పుట్టేవరకు తల్లి యజమానిదే అని రాజధాని నుంచి ఉత్తరం వచ్చేసరికి ఇరవై రోజులు గడిచిపోయాయి. ఇంట్లో శుభలేఖ మీద పసుపు ఆరిపోయింది. ఆ ఇరవై రోజులూ భద్రాచారి భార్య మొహం చూడలేదు, ఆవిడ ఇతని మొహం చూడలేదు.

మిగిలిన తొమ్మిది గంటలూ గొంతు చించుకుని పూర్తిచేసేసరికి పెళ్లి ఇంకా రెండు రోజుల్లో ఉంది. ప్రథమ ప్రయోగ చలన మహోత్సవం ఆ మర్నాడని మండలి ప్రకటించింది.

ఆ రోజు ఆటోనగర్ నాలుగో రోడ్డు చూడాలి! రెండు వైపులా తాళ్లు కట్టి జనాన్ని ఆపేశారు. షామియానా, మైకు, సన్నాయి. ఒక పక్క అగ్నిమాపక యంత్రం, ఇంకోపక్క అంబులెన్సు. రోడ్డు మీద సున్నంతో రెండు గీతలు. ఈ గీత దగ్గర బయల్దేరి ఆ గీత దగ్గర ఆగాలి. మధ్య దూరం పన్నెండు అడుగులు.

"పన్నెండేనా?" అన్నాడు భద్రాచారి.

"ఆపైన ప్రమాదమునకు అవకాశము మొదలగును" అన్నారు పరాంకుశరావు గారు. అంతలో ఆయన చూపు కనకవల్లి చేతిలోని నిమ్మకాయల మీద పడింది. "ఏమిటవి?"

"నిమ్మకాయలండీ. చక్రాల కింద పెట్టాలి."

"రసము వలన రహదారి జారును. స్వాధీనపరచుకొనుడు." యేసుపాదం నాలుగు నిమ్మకాయలకీ చీటీలు కట్టి సంచీలో వేశాడు.

"నిమ్మకాయ తొక్కకపోతే అది నడిచినట్టే కాదండీ. ఎవర్నైనా అడగండి" అంది కనకవల్లి.

ఎవరూ ఎవర్నీ అడగలేదు. పెట్రోలు మండే పదార్థం కనక ట్యాంకు ఖాళీ చేయించారు. బ్యాటరీలో ఆమ్లం ఉంటుంది కనక అది దింపించారు. "ఇంజను ఎట్లా తిరుగుతుందండీ?" అని భద్రాచారి లబలబలాడాడు.

"తిరగరాదు. ఇంజను తిరిగినచో వాహనము కదలును. కదిలినచో అదుపు తప్పవచ్చును. నిశ్శబ్దముగా, నిర్భయముగా, నిరపాయముగా చలింపజేయుటే మండలి ఆశయము" అని పరాంకుశరావు గారు మైకులో చెప్పి, గంటసేపు ఉపన్యసించారు. ఆఖరికి పచ్చజెండా ఊపారు. లక్క ముద్రలు పగలగొట్టారు. భద్రాచారి హెల్మెట్టు పెట్టుకుని, నడుముకి తాడు కట్టించుకుని లోపల కూచున్నాడు. మండలి సిబ్బంది పద్నాలుగు మంది వెనక చేరి, "హైలెస్సా" అంటూ తోశారు. పదకొండేళ్లు కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసిన బండి పన్నెండు అడుగులు దొర్లి, సున్నపు గీత మీద ఆగింది. చప్పట్లు మోగాయి. సన్నాయివాళ్లు గట్టిమేళం వాయించారు. భద్రాచారి లోపలే కూచుని కళ్లు తుడుచుకున్నాడు. ఆనందబాష్పాలని మైకులో చెప్పారు.

పత్రం రాసేటప్పుడు యేసుపాదం కలం ఒక గడి దగ్గర ఆగింది. "సార్, వాహనాన్ని చలింపజేసిన శక్తి ఏమిటని రాయమంటారు?"

"ప్రత్యక్షముగా చూచినదే రాయవలెను. మనుష్యులు తోసిరి."

"నాలుగు చక్రాలు, మనుషులు తోస్తారు అంటే మన పట్టికలో ఒకే తరగతి ఉందండి."

"ఆ తరగతిలోనే చేర్చుము." పరాంకుశరావు గారు చూడకుండానే ముద్ర గుద్ది, పత్రాన్ని శాలువాతో సహా భద్రాచారికి అందించి, కారెక్కి వెళ్లిపోయారు.

పత్రం మీద బంగారు రంగు అంచు ఉంది. పైన బొమ్మ ఉంది. మధ్యలో వాహన తరగతి అన్నచోట 'తోపుడు బండి' అని ఉంది.

సాయంత్రం భద్రాచారి కారు బానెట్ మీద తల ఆనించి కూచున్నాడు. "పదకొండేళ్లు కనకం. ఎనిమిది సిలిండర్లు. తోపుడు బండి! మీ అన్న తూకానికి అమ్మమన్నప్పుడే అమ్మేసి ఉంటే పోయేది. పద, పొద్దున్న బస్సుకి వెళ్దాం. నలుగురిలో నిన్ను తల దించుకునేలా చేశాను." అతని గొంతు మళ్లీ బొంగురుపోయింది. అది ఈసారి ఇంజను చప్పుడు వల్ల కాదు.

కనకవల్లి అతని చేతిలోంచి పత్రం లాక్కుంది. అరుగు మీద కూచుని, కళ్లజోడు పెట్టుకుని, పత్రాన్ని మొదటినుంచి చివరిదాకా, వెనక పక్క చిన్న అక్షరాలతో సహా చదివింది. నిమ్మకాయలు తిరిగి ఇవ్వడానికి యేసుపాదం వస్తే, "అయ్యా, ఒక్క మాట. ఈ తోపుడు బండికి లైసెన్సు కావాలా?" అని అడిగింది.

"అక్కర్లేదమ్మా."

"నంబరు ప్లేటు?"

"తోపుడు బండికి నంబరేంటమ్మా!"

"ఎంత వేగంతో వెళ్లొచ్చు?"

యేసుపాదం సంచీలోంచి పుస్తకం తీసి రెండు పేజీలు తిప్పాడు. "వేగపరిమితి పెట్టలేదమ్మా. అవసరం పడుతుందని అనుకున్నట్టు లేరు."

భద్రాచారి తలెత్తాడు.

"ఇంజను ఉండకూడదని ఎక్కడైనా ఉందా?"

"లేదమ్మా. ఉండాలని లేదు, ఉండకూడదనీ లేదు. మూడే షరతులు. తోసే మనిషి చెయ్యి ఎప్పుడూ బండి మీద ఉండాలి."

"ఆయన చెయ్యి స్టీరింగు మీద ఉంటది. స్టీరింగు బండిలోదే కదా?"

"బండిలోదేనమ్మా" అన్నాడు యేసుపాదం. నిజాయితీపరుడు కనక ఇంకేమీ అనలేకపోయాడు. "రెండోది, బండిలో అమ్మే సరుకు ఉండాలి. మూడోది, త్రాసు అందరికీ కనబడేలా వేలాడగట్టాలి. సరుకేదో ఇప్పుడే రాయించుకుంటే నేను ఎక్కించుకుంటా."

త్రాసు అన్న మాట వినగానే కనకవల్లి మొహం చేటంత అయింది. "వంకాయలు రాసుకోండి" అంది.

పెళ్లినాటి పొద్దున, తూరుపు తెల్లబడుతుండగా, నాలుగో రోడ్డంతా లేచి వచ్చి నిలబడింది. బ్యాటరీ మళ్లీ బిగించి, ట్యాంకులో పెట్రోలు పోశారు. వెనక సీటు నిండా వంకాయలు. కిటికీకి రెండు సిబ్బెల త్రాసు. కనకవల్లి పట్టుచీర కట్టుకుని, చీటీలు ఊడదీసిన నాలుగు నిమ్మకాయలనీ తన చేత్తోనే నాలుగు చక్రాల కిందా పెట్టింది. కర్పూరం వెలిగించింది. కొబ్బరికాయ కొట్టింది. వచ్చి ముందు సీట్లో కూచుంది. ఆమె కారులో కూచోవడం పదకొండేళ్లలో అదే మొదటిసారి.

భద్రాచారి తాళం తిప్పాడు.

అబ్బ, ఏం చప్పుడది! రేకుల షెడ్లన్నీ దద్దరిల్లాయి. టీ కొట్టాయన గ్లాసులు బల్ల మీద వాటంతట అవే నడిచాయి. ఇన్నాళ్లూ తను నోటితో చేసింది ఇంజను చప్పుడే కాదని భద్రాచారికి సిగ్గేసింది. మెల్లిగా క్లచ్ వదిలాడు. నాలుగు నిమ్మకాయలూ ఒకేసారి చిట్లాయి.

"ఇదీ నడవడమంటే!" అని అరిచింది కనకవల్లి. ఆమె చెంపల మీద కన్నీళ్లు కారుతున్నాయి, వాటిని తుడుచుకోవాలని కూడా తోచలేదు.

దారిలో ఒక కానిస్టేబుల్ ఆపాడు. తొంభైలో పోతున్నారన్నాడు. కనకవల్లి పత్రం చూపించింది. ఆయన రెండుసార్లు చదివాడు, వంకాయలు చూశాడు, త్రాసు చూశాడు, భద్రాచారి చెయ్యి స్టీరింగు మీద ఉందని సరిచూసుకున్నాడు. తోపుడు బండి మీద రాయడానికి ఆయన పుస్తకంలో కాగితమే లేదు. చివరికి, "లేతగా ఉన్నాయి. ఓ కిలో తూచమ్మా" అన్నాడు. మొదటి బేరం అదే.

పెళ్లివారి వీధిలో ఆ చప్పుడు విని మేళం ఆగిపోయింది. పందిట్లోవాళ్లంతా బయటికి పరిగెత్తారు. నారింజ రంగు పహిల్వాను గుర్రుమంటూ వచ్చి సరిగ్గా గుమ్మం ముందు ఆగింది. సోమాచారి చేతిలో పన్నీరు బుడ్డితో అలాగే నిలబడిపోయాడు. చెల్లెల్నీ కారునీ మార్చి మార్చి చూశాడు. అయినా ఆయన సోమాచారి కదా, అలవాటు ఎక్కడికి పోతుంది?

"కాగితాలున్నాయా బావా?" అన్నాడు.

భద్రాచారి ఫ్రేము కట్టించిన పత్రం అందించాడు. సోమాచారి పైనుంచి చదువుతూ వచ్చి మధ్యలో ఆగాడు. "తోపుడు బండి" అని పైకే చదివి కళ్లు నులుముకున్నాడు. "ఇదేంటే చెల్లీ?"

కనకవల్లి కారు దిగలేదు. కిటికీలోంచి త్రాసు చేతిలోకి తీసుకుని, ముల్లు సరిగ్గా నిలబెట్టి, పదకొండేళ్ల నవ్వంతా కూడగట్టుకుని నవ్వింది.

"నువ్వే కదా అన్నయ్యా చెప్పావు. తూకానికే అమ్ముతున్నాం. వంకాయలు ఎన్ని కిలోలు కావాలి?"